పాట ఉంది... పలికే వాద్యమేదీ?

కంప్యూటర్లో వీణ ఉంటుంది. పియానో ఉంటుంది. పాతికమంది కలిసి వాయించే వయొలిన్ల బృందమూ ఉంటుంది. నిన్నటిదాకా అవన్నీ వేలు తగిలితే చాలు పలికాయి. ఇవాళ ఒక్కటీ నోరు విప్పడం లేదు. సంగీత దర్శకుడి నుంచి పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే కుర్రాడి దాకా ఎవరినైనా గాభరా పెట్టే ఈ మౌనానికి కారణాలేంటి? మందేంటి?

వేసవి వచ్చిందంటే ఉమ్మడి చిత్తూరు జిల్లాలో అమ్మవారి జాతర్ల సందడే సందడి. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ, కుప్పంలో తిరుపతి గంగమ్మ... ఊరు ఊరంతా కదులుతుంది. అమ్మవారి మీద పాట కట్టి జాతర నాటికి యూట్యూబ్‌లో పెట్టాలని ఉబలాటపడే కుర్రాళ్లకూ కొదవ ఉండదు. ఒకప్పుడైతే పాట రికార్డు చేయాలంటే చెన్నై బస్సెక్కాల్సిందే. ఇప్పుడు ఓ గది, ఓ కంప్యూటరు, ఓ మైకు, ఓ చిన్న కీబోర్డు ఉంటే చాలు. మిగతా వాద్యాలన్నీ సాఫ్ట్‌వేర్ రూపంలో కంప్యూటర్లోనే దొరుకుతున్నాయి. వాటినే వర్చువల్ ఇన్‌స్ట్రుమెంట్ ప్లగిన్లు అంటారు.

అంతా సవ్యంగా ఉంటే ఇంతకన్నా సుఖం లేదు. కానీ రేపు పాట ఇవ్వాలనగా ఈ రాత్రి తెర మీద ఓ చిన్న పెట్టె ప్రత్యక్షమవుతుంది. ‘శాంపిల్స్ కనబడటం లేదు’ అన్నది దాని సారాంశం. కీబోర్డు నొక్కితే చప్పుడు ఉండదు. నెల రోజుల కష్టం గాల్లో కలిసిపోయిందని గుండె జారిపోతుంది. కంగారులో సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించేవారు కొందరు. కంప్యూటరునే ఫార్మాట్ చేయించేవారు ఇంకొందరు. చాలాసార్లు ఆ రెండూ అక్కర్లేదు. ఎందుకంటే శబ్దాలు పోలేదు, కనబడకుండా ఉన్నాయంతే!

చీటీ వేరు... సరుకు వేరు

ఈ వాద్యం ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. మనకు ఒక్కటిగా కనిపించే ఈ వాద్యంలో నిజానికి మూడు భాగాలుంటాయి. మొదటిది ప్లగిన్. ఇది వాయించే యంత్రం. రెండోది చిన్న ఫైలు. ఏ మెట్టు నొక్కితే ఏ శబ్దం రావాలి, మెల్లగా నొక్కితే ఎలా, గట్టిగా నొక్కితే ఎలా అనే వివరాలన్నీ అందులో రాసి ఉంటాయి. మూడోది అసలు సరుకు... శాంపిల్స్. అంటే నిజమైన కళాకారులు నిజమైన వాద్యాల మీద ఒక్కో స్వరాన్నీ వాయిస్తుండగా రికార్డు చేసిన శబ్దాలు. ఈ శబ్దాల గాదెనే సౌండ్ లైబ్రరీ అంటారు.

ఆ గాదె ఎంత పెద్దదో ఓ లెక్క చూడండి. సీడీ కన్నా మెరుగైన నాణ్యతలో (48 కిలోహెర్ట్జ్, 24 బిట్) స్టీరియో శబ్దం సెకనుకు 2,88,000 బైట్ల చోటు తీసుకుంటుంది. పియానోకు 88 మెట్లు. ఒక్కో మెట్టునూ మెల్లగా మొదలుపెట్టి గట్టిగా నొక్కేదాకా 8 స్థాయుల్లో, పదేసి సెకన్ల చొప్పున రికార్డు చేస్తే 704 రికార్డింగులు, 7,040 సెకన్లు. అంటే 2 జీబీల పైమాటే! ఇది ఒక్క పియానో సంగతి. వాద్యబృందం మొత్తమైతే పదులు, వందల జీబీలకు చేరుతుంది.

అంత సరుకు కంప్యూటర్ మెమరీలో పట్టదు. 1998లో వచ్చిన గిగాశాంపులర్ అనే సాఫ్ట్‌వేర్ దీనికో ఉపాయం చూపింది. ప్రతి శబ్దంలో మొదటి ముక్కను మాత్రం మెమరీలో ఉంచుకుని, మెట్టు నొక్కగానే మిగతాది హార్డ్‌డిస్క్ నుంచి అప్పటికప్పుడు తెచ్చుకోవడమే ఆ ఉపాయం. 1999లో స్టెయిన్‌బర్గ్ సంస్థ వాద్యాలను కూడా ప్లగిన్లుగా వాడుకునే వీలు కల్పించింది. 2002లో బెర్లిన్‌కు చెందిన నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ ‘కాంటాక్ట్’ను తెచ్చింది. సినిమా సంగీతం నుంచి భక్తి పాటల దాకా ఇప్పుడు చాలాచోట్ల పలుకుతున్నది ఆ తరహా వాద్యాలే.

ఇల్లు మారింది... అడ్రసు మారలేదు

ఇక అసలు జబ్బు దగ్గరికి వద్దాం. చిన్న ఫైల్లో శబ్దాలుండవు, శబ్దాలున్న చోటు అడ్రసు మాత్రమే ఉంటుంది. ‘ఇ డ్రైవ్‌లో ఫలానా ఫోల్డర్లో చూడు’ అని రాసి ఉంటుందన్నమాట. చోటు చాలడం లేదని మనం ఆ ఫోల్డరును వేరే డిస్కులోకి మార్చామనుకోండి... ప్లగిన్ పాత ఇంటికే వెళ్లి తలుపు కొడుతుంది. అక్కడెవరూ ఉండరు. అంతే, ‘కనబడటం లేదు’ అని చేతులెత్తేస్తుంది.

మనం ఏమీ మార్చకపోయినా ఒక్కోసారి అడ్రసు మారిపోతుంది. లైబ్రరీని బయటి హార్డ్‌డిస్కులో పెట్టుకున్నవారికి ఇది బాగా అనుభవమే. ముందుగా పెన్‌డ్రైవ్ పెట్టి తర్వాత హార్డ్‌డిస్క్ తగిలిస్తే, నిన్న ‘ఇ’గా ఉన్నది ఇవాళ ‘ఎఫ్’ కావచ్చు. మందు తేలిక. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఆ హార్డ్‌డిస్కుకు ‘ఎక్స్’ లాంటి చివరి అక్షరం ఒకటి ఖాయం చేసేస్తే సరి. దానికి మరొకటి పోటీ రావడం అరుదు.

ఫోల్డరు నిజంగానే మారి ఉంటే కొత్త అడ్రసు చెప్పాలి. తెర మీద వచ్చిన పెట్టెలోనే వెతికే సదుపాయం ఉంటుంది. డిస్కంతా వెతకమంటే గంటలు పట్టొచ్చు. పైగా ఒకే పేరున్న వేరే శబ్దాన్ని పట్టుకొచ్చి వీణ బదులు గిటార్ మోగించే ప్రమాదమూ ఉంది. అందుకే సరైన ఫోల్డరును మనమే చూపించడం మేలు. దొరికాక ఆ వాద్యాన్ని మళ్లీ సేవ్ చేయడం మరవకూడదు. లేదంటే రేపూ ఇదే పాట! కాంటాక్ట్‌లో ఫోల్డరులోని వాద్యాలన్నిటికీ ఒకేసారి కొత్త అడ్రసు రాసే ‘బ్యాచ్ రీసేవ్’ ఉంది. ముందుగా ఓ కాపీ తీసి పెట్టుకుని అది వాడాలి.

కొన్ని లైబ్రరీలను ప్లగిన్‌లో కాదు, అమ్మిన సంస్థ ఇచ్చే మేనేజర్ సాఫ్ట్‌వేర్లో సరిచేయాలి. నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్‌కు ‘నేటివ్ యాక్సెస్’ ఉన్నట్టే మిగతా పెద్ద సంస్థలకూ తమ తమ సాఫ్ట్‌వేర్లున్నాయి. లొకేట్, రిపేర్ లాంటి మీటలు వాటిలో ఉంటాయి.

అడ్రసు సరిగానే ఉన్నా...

అడ్రసు సరైనదే, అయినా పలకడం లేదంటే అనుమానించాల్సినవి మరికొన్ని ఉన్నాయి.

డౌన్‌లోడ్ మధ్యలో కరెంటు పోయిందా? నెట్ తెగిందా? పది భాగాలుగా వచ్చే లైబ్రరీలో ఒక్క భాగం తగ్గినా వాద్యం మూగబోతుంది. ఫోల్డర్ సైజును సంస్థ చెప్పిన సైజుతో పోల్చి చూస్తే తేలిపోతుంది. పాత పెన్‌డ్రైవ్‌లో మోసుకొచ్చారా? ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ 4 జీబీలకు మించిన ఫైలును పట్టుకోలేదు. దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌లోకి మారిస్తే ఈ ఇబ్బంది ఉండదు. అయితే ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నదంతా పోతుంది, జాగ్రత్త.

లైబ్రరీ డాక్యుమెంట్స్ ఫోల్డర్లో ఉందా? వన్‌డ్రైవ్ లాంటివి చోటు మిగల్చడానికి ఫైళ్లను ఇంటర్నెట్‌కు పంపేసి ఇక్కడ పేరు మాత్రం ఉంచుతాయి. చూడ్డానికి ఫైలు ఉన్నట్టే ఉంటుంది, లోపల సరుకుండదు. ఆ ఫోల్డర్ ఎప్పుడూ ఈ కంప్యూటర్లోనే ఉండాలని సెట్టింగ్ పెట్టాలి. ఆపిల్ కంప్యూటర్లలో అయితే బయటి డిస్కును చదివే అనుమతి సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చారో లేదో చూసుకోవాలి.

వెర్షన్ పేచీ మరొకటి. కొత్త కాంటాక్ట్‌లో తయారైన వాద్యాన్ని పాత కాంటాక్ట్ తెరవలేదు. ఉచితంగా దొరికే కాంటాక్ట్ ప్లేయర్‌కూ డబ్బు పెట్టి కొనే కాంటాక్ట్‌కూ తేడా ఉంది. ప్లేయర్ కోసం లైసెన్సు పొందని లైబ్రరీని అందులో తెరిస్తే 15 నిమిషాలే పలుకుతుంది, తర్వాత గప్‌చుప్! అది చెడిపోవడం కాదు, డెమో గడువు తీరడం. ఇది తెలియక లైబ్రరీని పదేపదే డౌన్‌లోడ్ చేస్తే నెట్ ఖర్చే మిగులుతుంది.

పేర్లతోనూ చిక్కే. మనవాళ్లు ముచ్చటపడి ఫోల్డరుకు తెలుగులో పేరు పెడతారు. ఇంగ్లిష్ అక్షరాలు తప్ప మరొకటి చదవలేని పాత ప్లగిన్లు అక్కడే ఆగిపోతాయి. ఫోల్డరులో ఫోల్డరు, దాన్లో మరో ఫోల్డరు పెట్టుకుంటూ పోయినా ముప్పే. విండోస్ మామూలుగా 260 అక్షరాల దాకానే అడ్రసును ఒప్పుకొంటుంది. చిన్న పేర్లు, రెండు మూడు మెట్ల ఫోల్డర్లు... అదే ఆరోగ్యం.

మరి ఎవరో కాపీ కొట్టి ఇచ్చిన దొంగ లైబ్రరీలైతే? వాటిలో ఫైళ్లు తగ్గినా, వైరస్ వచ్చినా అడగడానికి దిక్కుండదు. నియమబద్ధంగా ఉచితంగా ఇచ్చే లైబ్రరీలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఆ ముప్పు తెచ్చుకోవడం దేనికి?

మదనపల్లె చెప్పిన పాఠం

ఈ ప్రాంతానికి సంగీతాన్ని భద్రపరచిన ఘన చరిత్ర ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కాలేజీకి వచ్చారు. అక్కడే ‘జనగణమన’ను పాడి వినిపించారు, ఇంగ్లిష్‌లోకి అనువదించారు. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్‌కు పాశ్చాత్య సంగీతం బాగా తెలుసు. ఆ బాణీని ఆమె స్వరలిపిలో రాసిపెట్టారు. వందేళ్లు దాటినా ఆ స్వరాలను చదవడం వచ్చినవారెవరైనా వాయించగలరు. పియానో లేకపోతే హార్మోనియం, అదీ లేకపోతే వేణువు!

కంప్యూటర్లో దాచిన పాట అలా కాదు. అందులోనూ స్వరలిపి లాంటిది ఉంటుంది. 1983లో వచ్చిన మిడి పద్ధతి అదే. ఏ స్వరం, ఎప్పుడు, ఎంత గట్టిగా అన్నది అందులో నమోదవుతుంది. కానీ అచ్చం మునుపటిలాగే పలకాలంటే అదే ప్లగిన్, అదే లైబ్రరీ ఉండాలి. పదేళ్ల తర్వాత ఆ సంస్థే లేకపోవచ్చు. కొత్త కంప్యూటర్లో ఆ ప్లగిన్ ఎక్కకపోవచ్చు. పాట ఫైలు పదిలంగా ఉన్నా అందులోంచి మౌనమే వినిపిస్తుంది.

అందుకే పని పూర్తయిన రోజే ఒక్కో వాద్యాన్నీ విడివిడిగా మామూలు ఆడియో ఫైలుగా మార్చి దాచుకోవాలి. మిడి ఫైలునూ పక్కన పెట్టుకోవాలి. అప్పుడిక ఏ లైబ్రరీ కనబడకపోయినా పాటకు ఢోకా ఉండదు.

మన డప్పు ఏ లైబ్రరీలో ఉంది?

2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ పేరుతో మూడేళ్ల ప్రాజెక్టు చేపట్టింది. పల్లెల్లో కంప్యూటర్ కేంద్రాలు వెలిశాయి. సౌరశక్తితో నడిచే ప్రింటర్లు, డిజిటల్ కెమెరాలు పట్టుకుని స్వయం సహాయక సంఘాల మహిళలు ఊళ్లో ఫొటోగ్రాఫర్లయ్యారు. పల్లె తన బొమ్మను తానే తీసుకోవడం నేర్చింది.

శబ్దం విషయంలోనూ అదే జరగాలి. జాతరలో మోగే పంబ, డప్పు, పలకల అసలు నాదం విదేశీ లైబ్రరీల్లో వెతికినా దొరకడం కష్టం. దొరికినా ఊరికో తీరుగా ఉండే దెబ్బ అందులో ఎక్కడిది? మంచి మైకు పెట్టి, ఊళ్లోని కళాకారుడికి తగిన పారితోషికం ఇచ్చి, ఆయన అనుమతితో ఒక్కో దెబ్బనూ రికార్డు చేసుకుంటే సొంత లైబ్రరీ సిద్ధం. ఎస్ఎఫ్‌జెడ్ అనే పద్ధతిలో అయితే ఏ దెబ్బ ఏ మెట్టు మీద ఉండాలో నోట్‌ప్యాడ్‌లోనే రాసుకోవచ్చు. అడ్రసు తప్పినా అక్కడే సరిదిద్దుకోవచ్చు. వాయించే ఉచిత ప్లగిన్లూ ఉన్నాయి. కొన్న శబ్దం పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. ఆ కళాకారుడి చేతి దెబ్బ మాత్రం మళ్లీ దొరకదు!

వాద్యం మూగబోతే... వరుసగా ఇలా!

* సాఫ్ట్‌వేర్ తీసేయొద్దు. పాట ఫైలును ముందు మరోచోట కాపీ చేసుకోవాలి.
* తెర మీద వచ్చిన సందేశాన్ని మూసేయకుండా అది ఏ డ్రైవ్, ఏ ఫోల్డర్ పేరు చెబుతోందో రాసుకోవాలి.
* ఆ ఫోల్డర్ నిజంగా అక్కడ ఉందో లేదో చూడాలి. హార్డ్‌డిస్క్ కేబుల్ వదులైందేమో కూడా!
* ఒక్క వాద్యమే పలకడం లేదా, అన్నీనా? ఒక్కటే అయితే లోపం ఆ లైబ్రరీది. అన్నీ అయితే డిస్కునో, ప్లగిన్‌నో అనుమానించాలి.
* అదే వాద్యాన్ని కొత్త ఖాళీ పాటలో తెరవాలి. అక్కడ పలికితే తప్పు పాత పాట ఫైలులో ఉన్నట్టే.
* ఫోల్డర్ సైజు, వెర్షన్, లైసెన్సు సరిచూసుకోవాలి. మళ్లీ డౌన్‌లోడ్ చేయడం ఆఖరి మాట.
* లైబ్రరీకి వేరే డిస్కులో నకలు తప్పనిసరి. డిస్కు పాడైతే అడ్రసు ఎంత సరిగా ఉన్నా లాభం లేదు.