పాదములు చదివే లిపి

రైలు ప్లాట్‌ఫారము అంచువెంట పరచిన పసుపుపచ్చని పలకలను చూడనివారుండరు. వానిపై బొడిపెలెందుకని అడిగినవారు మాత్రం తక్కువ. కాలు జారకుండుటకని కొందరు, అందమునకని మరికొందరు తలంతురు. నిజమునకు అదొక లిపి. చూపు లేనివారు దానిని అరికాలితోను, చేతికర్ర కొనతోను చదువుకొందురు.

ఈ లిపిలో అక్షరాలు రెండే. పొడవాటి ఉబ్బుగీతలున్నచో "ఇటు నడువుము" అని అర్థం. గుండ్రని బొడిపెలున్నచో "ఆగుము, ముందు జాగ్రత్త" అని. గురువు, లఘువు అను రెండు గుర్తులతోనే ఇన్ని వృత్తాలు పుట్టలేదా? అట్లే ఈ రెంటితోనే మెట్లు, మలుపు, వీధి దాటుచోటు అన్నియు తెలుపవచ్చును.

జపానుదేశస్థుడు సెయిచీ మియాకే 1965లో దీనిని రూపొందించినాడు. చూపు తగ్గిపోవుచున్న ఒక మిత్రునికోసం పూనుకొన్నాడని చెప్పుదురు. 1967 మార్చి 18న ఒకాయామా నగరంలో, అంధుల పాఠశాల సమీపాన వీధి దాటుచోట మొదటి పలకలు పరచినారు. పిమ్మట అవి ఊరూరా వెలసినవి. కాని ఒక్కొక్కచోట ఒక్కొక్క ఆకారం. ఒక ఊరి లిపి మరొక ఊరివానికి తికమక పెట్టినది. రూపానికి, కొలతలకు అక్కడ జాతీయ ప్రమాణం ఏర్పడినది 2001లో మాత్రమే.

2017 నవంబరులో ప్రారంభమైన హైదరాబాదు మెట్రో స్టేషనులలోను ఈ పలకలున్నవి. చిక్కంతయు స్టేషను దిగి వీధిలోనికి వచ్చిన తరువాతనే. గీతల దారి తిన్నగా పోయి కరెంటు స్తంభానికి తగులుట, దానిపై తోపుడుబండి నిలుచుట, తవ్వి పూడ్చినచోట పలకలు అడ్డముగా తిరిగి అతుకుట మన నగరాలలో అరుదు కాదు. పలకలు పరచిన కూలివానిని నిందింపనేల? ఆ గీతలకొక అర్థమున్నదని అతనికి చెప్పినవారెవరు? పుస్తకంలో అచ్చుతప్పు దొర్లినచో చదువరి నవ్వి ఊరకుండును. ఇచ్చట దొర్లినచో నుదురు పగులును. అట్టి బాటకంటె పలకలే లేని బాట మేలు. అది కనీసం అబద్ధమాడదు.

చట్టం లేకపోలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, నియమాలు వెలువడిన ఐదేండ్లలో, అప్పటికే ఉన్న సార్వజనిక భవనాలన్నింటిని అందరికి అనువుగా మార్చవలెనన్నది. నియమాలు 2017లో వచ్చినవి. 2022లో గడువు దాటినది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, ఆ నియమాలలో ముఖ్యమైనదొకటి కేవలం సలహాగా ఉండి చట్టానికి విరుద్ధమైనదని తేల్చి, తప్పనిసరి ప్రమాణాలను మూడు నెలలలో నిర్ణయింపుమని కేంద్రాన్ని ఆదేశించినది. "చేయవచ్చును", "చేయవలెను" అను రెండు క్రియలకు గల భేదం వ్యాకరణపు తరగతిలో విసుగు పుట్టింపవచ్చును గాని, ఈ తీర్పు ముఖ్యముగా దానిపైననే నిలిచినది.

బడి ముందరి వీధిలో ఇట్టి పలకలున్నచో, గీతలు ఎటు చూపుచున్నవో, మెట్లకు ముందు బొడిపెలున్నవో లేవో విద్యార్థులు ఒకసారి చూచి రావచ్చును. పదినిమిషాల పని.