ఐబీజీపీలో రూట్ తన చుట్టూ తానే ఎందుకు తిరుగుతుంది? ఎలా పట్టుకోవాలి?

ఒకే ఏఎస్‌లో మూడు రూటర్లున్నాయి. వాటి మధ్య ఐబీజీపీ సెషన్లన్నీ నిక్షేపంగా ఉన్నాయి, ఒక్కటీ పడిపోలేదు. అయినా ప్యాకెట్లు రెండు రూటర్ల మధ్య అటూ ఇటూ తిరిగి మధ్యలోనే పోతున్నాయి. రూటింగ్ టేబుల్లో రూట్లు వస్తున్నాయి, పోతున్నాయి. సెషన్ క్లియర్ చేస్తే కాసేపు బాగుంటుంది, తర్వాత మళ్లీ మామూలే. ఎందుకిలా జరుగుతుంది?

ఇలాంటి ఫిర్యాదు రాగానే చాలామంది చెయ్యి ముందు సెషన్ మీదికే పోతుంది. నిజానికి సెషన్ బాగున్నందువల్లే ఇది ఇంత చిక్కుగా తయారవుతుంది. బీజీపీ చెప్పాల్సింది చెప్పేసింది. చెప్పినదాన్ని పట్టుకుని రూటర్ దారి వెతుక్కునే చోట తేడా వచ్చింది. అందుకని ఐబీజీపీ ఇచ్చే రూట్‌లో ఏముంటుందో, ఏముండదో ముందు చూద్దాం.

ఐబీజీపీ రూట్ దారి చెప్పదు. బయటికి వెళ్లే చోటు మాత్రం చెబుతుంది. 'ఈ ప్రిఫిక్స్‌కి వెళ్లాలంటే 192.0.2.1 దగ్గరికి వెళ్లు' అంటుంది, అంతే. ఆ 192.0.2.1 దాకా ఏ ఇంటర్‌ఫేస్‌లోంచి వెళ్లాలో దానికి సంబంధం లేదు. రూటర్ ఆ నెక్స్ట్ హాప్‌ని తీసుకుని తన రూటింగ్ టేబుల్లోనే మళ్లీ వెతుకుతుంది. దొరికిన రూట్‌కీ నేరుగా ఇంటర్‌ఫేస్ లేకపోతే దాని నెక్స్ట్ హాప్ కోసం ఇంకోసారి వెతుకుతుంది. దీన్నే రికర్సివ్ లుకప్ అంటారు. ఈ గొలుసు ఎంత పొడవున్నా చివరికి నేరుగా తగిలించిన కేబుల్ దగ్గర ఆగాలి. ఆగకపోతే ఏమవుతుంది? సుబ్బారావుగారిల్లు ఎక్కడంటే రామాలయం పక్కన, రామాలయం ఎక్కడంటే సుబ్బారావుగారింటి పక్కన అన్నట్టవుతుంది. చెప్పినవాళ్లిద్దరూ నిజమే చెప్పారు, అడిగినవాడు మాత్రం వీధిలోనే ఉండిపోయాడు.

మరి బీజీపీకి లూప్‌లు పడకుండా చూసుకునే తెలివి ఉందంటారు కదా? ఉంది. కాకపోతే అది వేరే పని. 1989 జనవరిలో ఆస్టిన్‌లో జరిగిన ఐఈటీఎఫ్ సమావేశంలో కిర్క్ లాహీడ్, యాకోవ్ రెక్టర్ నాప్‌కిన్ల మీద గీసుకున్న ఆలోచనలోంచి బీజీపీ పుట్టింది. నెట్‌వర్కులు ఒకదానికొకటి సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి దాన్ని తయారుచేశారు. తన ఏఎస్ నంబర్ ఏఎస్ పాత్‌లో ముందే ఉంటే రూటర్ ఆ ప్రకటనను అవతల పారేస్తుంది. ఒకే ఏఎస్ లోపల పాత్‌లోకి ఆ నంబర్ చేరదు కాబట్టి, ఐబీజీపీలో నేర్చుకున్నదాన్ని మరో ఐబీజీపీ పొరుగుకు చెప్పకూడదనే నియమం పెట్టారు. రూట్ రిఫ్లెక్టర్లు ఆ నియమాన్ని సడలించినప్పుడు ఒరిజినేటర్ ఐడీ, క్లస్టర్ లిస్ట్ వచ్చి చేరాయి. ఇవన్నీ సమాచారం గుండ్రంగా తిరగకుండా కాపాడతాయి. ప్యాకెట్ గుండ్రంగా తిరగకుండా కాపాడేది వీటిలో ఒక్కటీ లేదు. నెక్స్ట్ హాప్‌కి దారి చూపడం ఐజీపీ పని, అంటే ఓఎస్‌పీఎఫ్‌దో ఐఎస్ఐఎస్‌దో. ఆ ప్రశ్నకు బీజీపీయే జవాబు చెప్పడం మొదలుపెట్టినప్పుడు లూప్ పుడుతుంది. నా లెక్కలో ఈ రకం తిప్పలన్నిటికీ మూలం ఇదొక్కటే.

ఇప్పుడు మన మూడు రూటర్ల దగ్గరికి వద్దాం. ఆర్1, ఆర్2, ఆర్3 ఒకే వరుసలో ఉన్నాయి. ఆర్1కి ఐఎస్‌పీ లింక్ ఉంది. ఆ లింక్ 192.0.2.0/30, అవతలి చివర 192.0.2.1. లింక్ అడ్రస్‌లు ఐఎస్‌పీ తన బ్లాకులోంచే ఇస్తుంది, ఆ బ్లాకు మొత్తాన్ని 192.0.2.0/24గా బీజీపీలో మనకు ప్రకటిస్తుంది కూడా. ఈ రెండూ రోజూ జరిగేవే, వీటిలో తప్పేమీ లేదు. ఆర్1 మీద నెక్స్ట్ హాప్ సెల్ఫ్ పెట్టలేదు, ఆ /30ని ఓఎస్‌పీఎఫ్‌లోనూ వేయలేదు. మరోపక్క ఎవరో ఎప్పుడో ఆర్3 మీద మాత్రం 192.0.2.0/30కి ఆర్2 వైపు ఒక స్టాటిక్ రూట్ కొట్టి వదిలేశారు. ఆర్2 మీద డిఫాల్ట్ రూట్ ఆర్3 వైపు ఉంది, ఎందుకంటే పాత బ్యాకప్ లైన్ ఆర్3కి తగిలించి ఉంది.

ఆర్2 లోపల జరిగేది నిదానంగా చూడండి. ఆర్1 నుంచి 192.0.2.0/24 వచ్చింది, దాని నెక్స్ట్ హాప్ 192.0.2.1. ఆ అడ్రస్‌కి దారి ఏది? ఓఎస్‌పీఎఫ్‌లో లేదు. డిఫాల్ట్ ఉంది కాబట్టి దానితో సరిపెట్టుకుని రూటర్ /24ని టేబుల్లో పెడుతుంది. పెట్టిన క్షణం నుంచి లెక్క మారిపోతుంది. ఇప్పుడు 192.0.2.1కి అన్నిటికంటే దగ్గరగా సరిపోయేది డిఫాల్ట్ కాదు, ఆ /24యే. అంటే ఆ రూట్ తన నెక్స్ట్ హాప్‌ని తనలోనే వెతుక్కుంటోంది. సంగతి పసిగట్టగానే రూటర్ దాన్ని తీసేస్తుంది. తీసేశాక మళ్లీ డిఫాల్ట్ కనిపిస్తుంది, మళ్లీ పెడుతుంది. పాత సిస్కో ఐఓఎస్‌లో బీజీపీ స్కానర్ 60 సెకన్లకోసారి నడిచేది కాబట్టి ఈ ఊగిసలాట గడియారం పెట్టినట్టు నిమిషానికోసారి కనిపించేది. తర్వాత వచ్చిన నెక్స్ట్ హాప్ ట్రాకింగ్ మార్పు తెలిశాక డిఫాల్ట్‌గా 5 సెకన్లు మాత్రమే ఆగుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు అలాంటి రూట్‌ని అసలు పెట్టకుండా దాచేస్తాయి. జూనోస్‌లో అయితే 'షో రూట్ హిడెన్' కొట్టి వెతకాలి.

ఒక్క /24 ఊగితే ఏముందిలే అనుకోవద్దు. ఆ ఐఎస్‌పీ ఇచ్చిన ప్రతి రూట్‌కీ నెక్స్ట్ హాప్ అదే 192.0.2.1. ప్రపంచ ఐపీవీ4 టేబుల్ 9 లక్షల రూట్లు దాటి చాలా కాలమైంది. ఫుల్ టేబుల్ తీసుకుంటుంటే అన్నీ ఆ ఒక్క అడ్రస్‌తో పాటు లేచి పడుతుంటాయి. సీపీయూ ఎందుకు కొట్టుకుపోతోందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇక ప్యాకెట్ సంగతి. ఆర్2లో ఆ రూట్ ఉన్నా ప్యాకెట్ డిఫాల్ట్ మీదుగా ఆర్3కే పోతుంది, లేకపోయినా ఆర్3కే పోతుంది. ఆర్3కి స్టాటిక్ ఉంది కాబట్టి దానికి ఏ అనుమానమూ లేదు, ఆర్2కి తిప్పి పంపుతుంది. టీటీఎల్ 64తో బయలుదేరిన ప్యాకెట్ ఆ ఒక్క లింక్‌నే దాదాపు 60 సార్లు దాటుతుంది, అంటే ఒక్కో దిశలో 30 సార్లు. 20 మెగాబిట్ల ట్రాఫిక్ ఇలా చిక్కుకుంటే లింక్ మీద ఒక్కో దిశలో 600 మెగాబిట్లు కనిపిస్తుంది. లింక్ నిండిపోయిందని సర్వీస్ ప్రొవైడర్‌కి ఫోన్ చేసి కెపాసిటీ పెంచమని అడిగే ముందు ఇది గుర్తు చేసుకోవాలి. ఆర్3లో సెషన్లు క్లియర్ చేస్తే కాసేపు బాగవడానికి కారణమూ ఇక్కడే ఉంది. రూట్లు మళ్లీ వచ్చేదాకా ఆర్3 తన బ్యాకప్ లైన్ మీదుగా పంపుతుంది. రూట్లు రాగానే లూప్ తిరిగి వస్తుంది.

ఎలా పట్టుకోవాలి? ట్రేస్‌రూట్‌తో మొదలుపెట్టండి. అవే రెండు అడ్రస్‌లు 30 హాప్‌ల దాకా ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటే ప్యాకెట్ తిరుగుతున్నది ఆ రెండు రూటర్ల మధ్యే, వెతుకులాట వాటితోనే మొదలవ్వాలి. తర్వాత రెండింటిలోనూ ఒకే పని చేయండి. గమ్యం అడ్రస్‌కి 'షో ఐపీ రూట్' కొట్టండి. వచ్చిన నెక్స్ట్ హాప్‌కి మళ్లీ కొట్టండి. దానికి వచ్చినదానికి మళ్లీ. ఇంటర్‌ఫేస్ పేరు కనిపించేదాకా ఆపొద్దు. ప్రతి మెట్టులోనూ మూడు సంగతులు కాగితం మీద రాసుకోండి: ఏ ప్రిఫిక్స్ సరిపోయింది, అది ఏ ప్రొటోకాల్ ఇచ్చింది, వయసెంత. తెర మీద చూసి గుర్తుపెట్టుకుందామంటే కుదరదు, రెండో రూటర్‌కి వెళ్లేసరికి మొదటిది మరిచిపోతాం. మన ఉదాహరణలో ఆర్2 కాగితం మీద రెండో మెట్టులోనే '192.0.2.0/24, బీజీపీ, 20 సెకన్లు' అని పడుతుంది. నెక్స్ట్ హాప్‌కి బీజీపీ రూట్ దారి చెబుతోంది, పైగా దాని వయసు ఎప్పుడు చూసినా నిమిషం దాటదు. దొంగ దొరికినట్టే. రూట్ లేని క్షణంలో చూస్తే అక్కడ '0.0.0.0/0, స్టాటిక్' అని ఉంటుంది. అందుకే ఒకసారి చూసి వదలకుండా కొంచెం ఆగి మళ్లీ కొట్టాలి. 'షో ఐపీ బీజీపీ' ఇచ్చే వివరంలో నెక్స్ట్ హాప్ పక్కన మెట్రిక్‌కి బదులు 'ఇన్‌యాక్సెసిబుల్' అని పడుతోందేమో కూడా చూడండి.

ఒక జాగ్రత్త చెప్పాలి. బీజీపీ రూట్ మరో బీజీపీ రూట్ మీద ఆధారపడటం ప్రతిసారీ తప్పు కాదు. పెద్ద నెట్‌వర్కుల్లో లేబుల్డ్ యూనికాస్ట్ పెట్టి కావాలనే అలా కడతారు. గొలుసు ఐజీపీలోనో కేబుల్ దగ్గరో ముగుస్తోందా లేదా అన్నదే చూసుకోవాలి.

సరిచేయడంలో వరుస ముఖ్యం. సర్వీస్ ఆగిపోయి ఉంటే ముందు ఆర్2 మీద 192.0.2.0/30కి ఆర్1 వైపు స్టాటిక్ పెట్టండి. /24 కంటే /30 నిడివైనది కాబట్టి ఊగిసలాట, లూప్ రెండూ అప్పుడే ఆగిపోతాయి. దాన్నే పరిష్కారమనుకుని వెళ్లిపోవద్దు, ఆర్3 మీద అనాథగా మిగిలిపోయిన స్టాటిక్ అలా పుట్టిందే. ఆర్1 లూప్‌బ్యాక్ 10.255.0.1/32 ఓఎస్‌పీఎఫ్ ద్వారా ఆర్2కి, ఆర్3కి అందుతోందని చూసుకుని, ఆ తర్వాతే ఆర్1 మీద ఆ ఇద్దరికీ నెక్స్ట్ హాప్ సెల్ఫ్ పెట్టండి. రూట్లన్నీ 10.255.0.1 మీదికి మారాక స్టాటిక్‌లు రెండూ తీసేయండి. నెక్స్ట్ హాప్ మార్చడం ఇష్టం లేకపోతే ఐఎస్‌పీ లింక్‌ని ఆర్1 మీద పాసివ్ ఇంటర్‌ఫేస్‌గా ఓఎస్‌పీఎఫ్‌లో వేయవచ్చు. నాకు మొదటిదే నచ్చుతుంది, బయటివాళ్ల అడ్రస్‌లు మన ఐజీపీలోకి ఎందుకు?

డిఫాల్ట్ రూట్‌నీ కట్టడి చేయాలి. నెక్స్ట్ హాప్‌కి డిఫాల్ట్‌తో దారి దొరికిందని రూటర్ ఒప్పుకోవడం వల్లే ఇంత కథ నడిచింది. ఐఓఎస్‌లో 'బీజీపీ నెక్స్ట్‌హాప్ రూట్‌మ్యాప్' పెట్టి, ఎలాంటి రూట్లతో నెక్స్ట్ హాప్‌ని తేల్చుకోవచ్చో హద్దు గీయవచ్చు. ఎఫ్‌ఆర్‌ఆర్‌లో డిఫాల్ట్‌ని ఇందుకు అనుమతించాలా వద్దా అన్నదానికి విడిగా ఒక సెట్టింగే ఉంది.

కాగితం మీద రెండు గొలుసులూ సక్రమంగా ముగిసినా ప్యాకెట్ తిరుగుతుంటే రూట్ రిఫ్లెక్టర్ల వైపు చూడండి. ఒక రూటర్ మొదటి రిఫ్లెక్టర్‌కి మాత్రమే క్లయింట్, పక్క రూటర్ రెండో రిఫ్లెక్టర్‌కి మాత్రమే క్లయింట్ అనుకుందాం. రిఫ్లెక్టర్లు దేనికది తన దగ్గరున్న బయటి దారినే ఎంచుకున్నాయి. కేబుళ్లు మాత్రం ఎదురుగా పోతున్నాయి: మొదటి రూటర్ తన రిఫ్లెక్టర్‌ని చేరాలంటే రెండోదాన్ని దాటాలి, రెండోది తనదాన్ని చేరాలంటే మొదటిదాన్ని దాటాలి. ఇద్దరి నిర్ణయాలూ విడివిడిగా సరైనవే, కలిస్తే లూప్. క్లయింట్ల మధ్య నేరుగా సెషన్ పెట్టడమో, రిఫ్లెక్టర్ సెషన్లను కేబుళ్ల వరుసలోనే ఉంచడమో, మధ్యలో ఎంపీఎల్‌ఎస్ వేయడమో చేయాలి.

అన్నిటికంటే ఎక్కువ భయపెట్టే రకం ఇంకొకటుంది. అది ఏళ్ల తరబడి నిద్రపోతుంది. ఆర్1 మీద ఎవరో బీజీపీలో 'రీడిస్ట్రిబ్యూట్ కనెక్టెడ్' అని కొట్టారు. దాంతో 10.255.0.1/32 కూడా ఐబీజీపీలో ఆర్2కి వెళ్లింది, దాని నెక్స్ట్ హాప్ అదే 10.255.0.1. ఆర్2లో ఓఎస్‌పీఎఫ్ దూరం 110, ఐబీజీపీ దూరం 200 కాబట్టి ఓఎస్‌పీఎఫ్ రూటే గెలుస్తుంది, ఎవరికీ ఏమీ తెలియదు. ఒకరోజు ఏరియాల మధ్య లూప్‌బ్యాక్‌లన్నిటినీ 10.255.0.0/24గా సమ్మరైజ్ చేస్తారు. ఆర్2లో ఓఎస్‌పీఎఫ్ /32 పోతుంది. /24 కంటే బీజీపీ /32 నిడివైనది, అక్కడ దూరం లెక్క రానే రాదు. రూటర్ సాఫ్ట్‌వేర్‌ని బట్టి రూట్ ఊగుతుంది, లేదా హోల్డ్ టైమ్ అయిపోయి సెషనే పడి లేస్తుంటుంది. సిస్కోలో ఆ టైమ్ మామూలుగా 180 సెకన్లు. సమ్మరైజేషన్ చేసినవాళ్ల మీద నింద పడుతుంది, పాపం వాళ్లు చేసింది తప్పు కాదు.

ఇలాంటిది మీ నెట్‌వర్కులో నిద్రపోతోందేమో ఇప్పుడే తెలుసుకోవచ్చు. ఆర్2 లాంటి ప్రతి రూటర్‌లోనూ 'షో ఐపీ బీజీపీ రిబ్ ఫెయిల్యూర్' కొట్టండి. బీజీపీ ఎంచుకున్నా టేబుల్లో చోటు దక్కని రూట్లన్నీ అందులో కనిపిస్తాయి. ఆ జాబితాలో మీ లూప్‌బ్యాక్ అడ్రస్ ఒక్కటి కనిపించినా దాన్ని ప్రకటిస్తున్న రూటర్‌కి వెళ్లి, రీడిస్ట్రిబ్యూషన్‌కి రూట్‌మ్యాప్ తగిలించి, లూప్‌బ్యాక్‌లని, లింక్ అడ్రస్‌లని అందులో ఆపేయండి. ఓఎస్‌పీఎఫ్ మీద చెయ్యి వేయడం ఆ తర్వాతే.