అరచేతిలో ఇమిడే సువార్త

కడపలో ఉద్యోగం చేసిన బ్రౌన్ దొర తాళపత్ర ప్రతులు పోల్చి 1829లో వేమన పద్యాలు అచ్చేయించారు. బైబిలు పండితులదీ అదే పని. వారికి దొరికిన ఓ అపురూపమైన ముక్క ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో, జాన్ రైలాండ్స్ గ్రంథాలయంలో ఉంది. నిలువు 9 సెంటీమీటర్ల లోపు, వెడల్పు 6!

1920లో ఈజిప్టులో కొన్న పపైరస్ ముక్కల్లోంచి 1934లో కాలిన్ రాబర్ట్స్ దీన్ని గుర్తించారు. గ్రీకులో ఉన్న యోహాను సువార్త 18వ అధ్యాయమిది. యేసును పిలాతు విచారించే ఘట్టం. రెండువైపులా రాత ఉంది. అంటే చుట్ట కాదు, పుస్తకంలోని ఆకు.

దీనిమీద తేదీ లేదు. అక్షరాల తీరునుబట్టి రెండో శతాబ్దం తొలి సగమని రాబర్ట్స్ లెక్కగట్టారు. మూడో శతాబ్దం ఆరంభమూ కావచ్చని 2005లో బ్రెంట్ నోంగ్‌బ్రి వాదించారు. చేతిరాత కాలాన్ని సూచిస్తుందే తప్ప, సంవత్సరం చెప్పదు మరి!