బాలుర కాలిబంతి పందెములు



నిరుడు శ్రావణమాసమున ఒకనాటి ప్రొద్దున మా యింట పాలు పోయు నామె చెంబు క్రింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకొని, నన్నొక ప్రశ్న యడిగెను.

"అమ్మగారూ, మావాణ్ణి బంతాటకి బెజవాడ తీసుకెళ్తారంట. అక్కడ గెలిస్తే ఇంకా దూరమంట. ఒక్కసారి ఓడితే మాత్రం ఆ పూటే ఇంటికంట. నాట్ల రోజుల్లో గడ్డి కోసేవాడు లేకుండా చేసుకుని, ఒక్కపూట ఆటకి ఎందుకమ్మా పంపడం?"

ఆమె కుమారుడు మా వారు పనిచేయు ఉన్నత పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచుండెను. తండ్రి లేడు. రెండు గేదెలు, బందరు కాలువ క్రింద కౌలుకు చేయు ముప్పాతిక ఎకరము, ఇదియే వారి సంసారము. నేను ముందు వెనుక లాలోచింపక "నిజమే, పంపవద్దు" అంటిని. మా వారు లోపలనుండి వినిరి. ఆ పూట భోజనమువేళ నాతో ఒక్క మాటయు నాడలేదు. మజ్జిగ వడ్డించునప్పుడు మాత్రము, "నీవు చదివిన భారతములో ద్రోణాచార్యులవారికి కొలువు దొరికినది దేనివలననో జ్ఞప్తి యున్నదా?" యని యడిగి లేచిపోయిరి.

జ్ఞప్తి లేకేమి! హస్తినాపురము వెలుపల కురుబాలకులు బంతి యాడుచుండగా అది నూతిలో పడెను. తీయలేక వారు చుట్టును మూగి నిలిచియుండగా ఆ దారిని వచ్చిన పేద బ్రాహ్మణుడు దానిని పైకి తీసి యిచ్చెను. భీష్ములవారు ఆ వార్త విని ఆయనను పిలిపించి బాలురను ఒప్పగించిరి. బంతి నూత బడకున్నచో ఆ గురువు ఆ శిష్యులకు దొరకునో లేదో! ఇంత చదివియు ఒక తల్లి యడిగిన ప్రశ్నకు తొందరపడి బదులు చెప్పితినే యని నాకు సిగ్గు కలిగెను. నాటి సాయంకాలము మా వారి నడిగియు, పిమ్మట చదివియు తెలిసికొన్న సంగతులను మీకును విన్నవించుచున్నాను. మగపిల్లలుగల తల్లులకేగాక ఆడపిల్లల తల్లులకును ఇవి పనికివచ్చును.

ఆ కుర్రవాడు బెజవాడలో ఆడవలసిన యాట సుబ్రతో కప్పు అను పందెమునకు క్రింది మెట్టు. భారత వైమానిక దళమునకు 1954లో అధిపతియైన సుబ్రతో ముఖర్జీగారు ఆ పదవి నలంకరించిన మొదటి భారతీయుడు. బడిపిల్లలకు దేశమంతటికిని ఒక కాలిబంతి పందెము ఉండవలెనని ఆయన తలచిరి. 1960లో టోకియో నగరమున భోజనము చేయుచుండగా ఆహారము గొంతున అడ్డుపడి ఆయన అకాలమరణము నొందిరి. ఆ యేడే మొదలయిన పందెమునకు ఆయన పేరు నిలిచినది. వైమానిక దళమువారే నేటికిని దానిని నడుపుచున్నారు. జిల్లాలో నెగ్గిన పాఠశాల రాష్ట్రపు పందెమునకును, రాష్ట్రమున నెగ్గినది జాతీయ పందెమునకును పోవును. 2012 నుండి బాలికలకును వేరుగా కప్పు కలదు. మీది మెట్టున జట్లను గుంపులుగా విభజించి రెండు మూడు ఆటలైనను ఆడింతురు గాని, క్రింది మెట్లయందు ఓడినవారు వెంటనే తొలగిపోవుటయే పరిపాటి.

ఈ "ఓడిన తొలగు" పద్ధతిని గూర్చి కొంచెము లెక్క వేసి చూచితిని. ముప్పదిరెండు జట్లు చేరినవనుకొందము. మొదటి దినముననే పదునారు ఇంటికి పోవును. ముప్పదియొక్క ఆటలు ముగియునప్పటికి ముప్పదియొక్క జట్లు ఓడియుండును. వ్యాకరణమువారి మాటలో చెప్పవలెనన్న, ఓడుటయే యిందు ఉత్సర్గము, గెలుచుట అపవాదము. పాలామె యడిగిన దానిలో తప్పేమున్నది? ఓడుట ఇంత నిశ్చయమైనప్పుడు పిల్లవానిని పంపి ఆమె పొందున దేమి?

ఈ ప్రశ్న మన కృష్ణాతీరమున పుట్టినదే గాని ఐరోపాలోని పెద్దలకును ఇది తగిలినట్లే యున్నది. ఆ ఖండపు కాలిబంతి వ్యవహారములు చూచు యూఎఫా అను సంఘమువారు 2013లో పందొమ్మిదేండ్లలోపు కుర్రవాండ్రకు యూత్ లీగు అను పందెమును నెలకొల్పిరి. మొదటి రెండేండ్లు, ఏ క్లబ్బుల పెద్ద జట్లు చాంపియన్స్ లీగులో ఆడుచున్నవో వాని పిల్లజట్లకే ప్రవేశము. అన్నగారికి పెద్దింటి పెండ్లిపిలుపు వచ్చిన తమ్ముడును వెంటబోయినట్లన్నమాట. తమ దేశమున బాలుర పందెములో మొదటివారుగా నెగ్గియు, పెద్దలు బీదవారగుటచే గుమ్మము వెలుపల నిలిచిపోయిన పిల్లలెందరో! 2015 నుండి ఈ లోపమును దిద్దిరి. ముప్పదిరెండు దేశముల బాలవిజేతలకు వేరొక త్రోవ తెరచిరి. 2024 నుండి ఇంకను పెక్కు దేశములకు చోటు చేసిరి.

ఆ త్రోవలోని యేర్పాటు నాకు మిక్కిలి నచ్చినది. తొలి మెట్లయందు ఒక్క యాటతో తీర్పు చెప్పరు. ప్రతి జట్టును ఎదిరితో రెండుమార్లు ఆడును, తన యూర నొకమారు, వారి యూర నొకమారు. రెండింటి గోలులను కూడి చూచి నెగ్గినవారిని నిర్ణయింతురు. రాత్రియంతయు ప్రయాణము చేసి, ఎరుగని నేలపై, ఎరుగని జనుల కేకల నడుమ తడబడిన పిల్లవానికి మరల తన యింటి మైదానమున నిలుచు నవకాశము కలుగును. ఆ మెట్లు దాటినవారు గొప్ప క్లబ్బుల పిల్లలతో మొదట తలపడు నాటయు చిన్నవారి యూరనే జరుగును. ఒకే యాటతో తీర్పు అటుపిమ్మటనే మొదలగును. చివరి నాలుగు జట్లు సాధారణముగా స్విట్జర్లాండులో జెనీవా సరస్సు నొడ్డుననున్న న్యోన్ పట్టణమున కలిసికొనును.

ఈ త్రోవను వచ్చి కప్పు గెలిచిన మొదటి జట్టు ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్. 2017లో వారు సెమీఫైనలునందు బార్సిలోనాను, ఫైనలునందు పోర్చుగలు దేశపు బెన్‌ఫికాను 2-1 చొప్పున ఓడించిరి. 2025లో నల్లసముద్రపు తీరమందలి త్రబ్‌జోన్ పట్టణపు కుర్రవాండ్రు ఫైనలు చేరి బార్సిలోనా చేతిలో 4-1 గా ఓడిరి. కాని నా మనస్సును దోచినది 2023 నాటి కథ.

ఆల్క్‌మార్ అను ఊరు నెదర్లాండ్స్ దేశమున నున్నది. 1605లో మన మచిలీపట్నమున వర్తకశాల పెట్టిన డచ్చివారి దేశమిదియే. ఆ ప్రాంతమును గూర్చి చదువుచుండగా మన సీమ చదువుచున్నట్లే యుండెను. ఎటు చూచినను కాలువలు, పచ్చికలు, పాడి. మనవారు 1855 నాటికి బెజవాడ యానకట్టతో నీటిని పొలములకు త్రిప్పుకొనిరి; వారు అంతకు రెండు వందల యేండ్లకు ముందే చెరువులను, చిత్తడులను తోడివేసి నేలను సంపాదించుకొనిరి. ఆల్క్‌మారులో జున్నుగడ్డల సంత ప్రసిద్ధము. తెల్లని దుస్తులు ధరించిన కూలీలు ఇద్దరిద్దరు చొప్పున భుజములకు పట్టెడలు తగిలించుకొని జున్నుగడ్డలు మోయుదురట. జనసంఖ్య సుమారు లక్ష. మన విజయవాడలో పదవ పాలు. పాలు, పెరుగు నమ్ముకొని బ్రదుకు చుట్టుప్రక్కల పల్లెలుగల ఆ చిన్న ఊరి క్లబ్బు కుర్రవాండ్రు, తమ దేశపు విజేతలుగా ఈ రెండాటల త్రోవను నడచి, బార్సిలోనాను 3-0 గాను, రియల్ మాడ్రిడ్‌ను 4-0 గాను ఓడించిరి. సెమీఫైనలు పెనాల్టీల వరకు పోయి గట్టెక్కిరి. ఆ యేడు ఫైనలు జెనీవాలో జరిగెను. ఎదుటివారు క్రొయేషియాలోని స్ప్లిట్ నగరపు హజ్దుక్ క్లబ్బు పిల్లలు. వారును ఈ త్రోవను వచ్చినవారే! ధనవంతుల పిల్లలందరును ఇంటికి పోగా గుమ్మము వెలుపలి రెండు జట్లే కడకు మిగిలినవి. ఆల్క్‌మార్ 5-0 గా నెగ్గెను.

ఇంతవరకు చెప్పి మా వారు, "అయితే మనవారికి ఇట్టి తలంపులు రాలేదనుకొనకుము. నా వృత్తివాడే యొకడు వారికంటె ముందు ఆలోచించినాడు" అనిరి. ఆ మాటలోని గర్వమును నేను తప్పు పట్టలేదు.

ఆయన హైదరాబాదువాడు. సయ్యద్ అబ్దుల్ రహీం, 1909లో జన్మించెను. ఉస్మానియాలో బి.ఏ. చదివి కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు చోట్ల బడిపంతులుగా పనిచేసెను. 1943 నుండి మరణపర్యంతము హైదరాబాదు కాలిబంతి సంఘమునకు కార్యదర్శిగా నుండెను. ఆయన కుర్రవాండ్రకు వింత పందెములు పెట్టెడివాడు. ఒకదానిలో ఏ కాలు బలహీనమో ఆ కాలితోడనే బంతిని తన్నవలెను. కుడికాలివారందరును ఎడమకాలివారై తడబడవలసినదే. మరియొకదానిలో బంతిని కాలివద్ద ఉంచుకొని ఒంటిగా పరుగెత్తుట నిషిద్ధము. అందిన వెంటనే తోటివానికి పంపవలెను. ఇట్టి పందెమున ఓడినవాడుకూడ రానిదానిని కొంత నేర్చుకొనియే ఇంటికి పోవును. కలిగినదానిని మెచ్చుకొనుట సులభము. లేనిదానిని పిల్లవాడు నొచ్చుకొనకుండ బయటికి తీసి పెంచుటకు మంచి పంతులు కావలెను. (మంచి అత్తగారును ఈ పనియే చేయును గాని, ఆ ప్రస్తావన వేరొకమారు.)

ఓటమి రహీముగారికి తెలియనిది కాదు. 1952లో హెల్సింకి ఒలింపిక్సునకు ఆయన తర్ఫీదు చేసిన భారత జట్టు పోయెను. మనవారిలో పలువురు పాదరక్షలు లేకయే ఆడిరి. యుగోస్లావియా 10-1 గా ఓడించెను. ఒక్క ఆటతో మనవారు తొలగవలసివచ్చెను. ఆ యేటి యుగోస్లావియా జట్టులో గోలు కాచిన బేరా అనునతడు, నేను పైని చెప్పిన స్ప్లిట్ నగరపు హజ్దుక్ క్లబ్బువాడే. సముద్రములు దాటి పోయి, పది గోలులు తిని, ఒక్కపూట యాటతో తిరిగివచ్చిన ఆ జట్టు తల్లులును పాలామె యడిగిన ప్రశ్ననే యడిగియుందురు. నాలుగేండ్లకు, 1956లో మెల్‌బోర్నునందు రహీముగారి జట్టు ఆస్ట్రేలియాను 4-2 గా ఓడించి సెమీఫైనలు చేరెను. ఆసియా ఖండమునుండి అంతకుముందు ఒలింపిక్సులో ఏ జట్టును అంత దూరము పోలేదు. అచ్చటను యుగోస్లావియాయే యడ్డుపడినది గాని, ఈసారి 4-1. మన జట్టునకు నాలుగవ స్థానము వచ్చెను. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1 గా ఓడించి ఆసియా క్రీడల స్వర్ణపతకము తెచ్చునప్పటికి ఆయన శరీరమును పుట్టకురుపు తినివేయుచుండెను. మరుసటి యేడు జూన్ మాసమున పరమపదించెను. 2024లో ఆయన కథను హిందీలో చలనచిత్రముగా తీసిరి.

మరునాడు నేనే పాలామె యింటికి పోయి, నిన్న నేను చెప్పినది తప్పని యొప్పుకొంటిని. ఐరోపా కథలు ఆమెకు చెప్పలేదు. పదిగోలుల కథ మాత్రము చెప్పితిని. ఆమె విని, "అన్నం ఎవరు పెడతారు? బూట్లెవరు కొంటారు?" అని రెండే ప్రశ్నలు వేసెను. నిజమునకు రెండాటల పద్ధతి మనకు రాకపోవుటకు కారణము గూడ ఇదియే. మరియొక ఆట యనగా మరియొక బస్సు చార్జీ, మరియొక పూట పదునారుమంది పిల్లలకు అన్నము. మా వారును మరి ముగ్గురు పంతుళ్లును తలకొంత వేసికొనిరి. బూట్లు పదవ తరగతి పిల్లవానివి దొరికినవి. ఒక అంగుళము పెద్దవగుటచే ముందువైపున పాతగుడ్డ కూరితిని. గడ్డి మాట నేను చూచుకొందునని మాట యిచ్చి, మా పెద్దవానిచేత కోయించితిని. వాని కోత గేదెలకు నచ్చినట్లు లేదు. పాలు ఒక గ్లాసు తగ్గినవి.

బెజవాడలో మొదటి యాటనే వారు 2-0 గా ఓడిరి. ఈ వార్త మాకు ఫోనులో ముందే తెలిసినది. నేను పాలామెతో, "వాడు తినువరకు ఏమియు నడుగకు" అంటిని. రాత్రి తొమ్మిదిగంటల బస్సునకు వాడు దిగి, తల వంచుకొని వచ్చెను. తల్లి, "కాళ్లు కడుక్కోరా, పులుసు చల్లారిపోతుంది" అని మాత్రమనెను. రెండవమారు అన్నము పెట్టించుకొన్న తరువాత వాడే చెప్పెనట. "ఎదురుగా ఎవడూ లేడమ్మా. బంతి ఎడంకాలి మీదకొచ్చింది. తన్నలేకపోయా."

మరునాడు బడిలో మా వారు వానిని పిలిచి రహీముగారి పందెమును గూర్చి చెప్పిరి.

ఇప్పుడు పాలామె ఫిర్యాదు వేరు. "చూశారా అమ్మగారూ, తెల్లారి లేచింది మొదలు పాక గోడకేసి ఎడంకాలితో తన్నుడే తన్నుడు! కొట్టిన పిడకలన్నీ రాలిపోతున్నాయి. పంతులుగారితో చెప్పి బడి గోడకి తన్నుకోమనండి" అని నిన్న ఉదయమే చెంబు దించుచు నాతో ననెను.