కబురొస్తే కదిలే సర్వర్

ఎస్టీడీ బూత్‌లు రాని రోజుల్లో శ్రీకాకుళం నుంచి హైదరాబాద్‌లోని బంధువుతో మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేయాల్సిందే. నంబరు చెప్పి, ఆర్డినరీయా, అర్జెంటా, లైట్నింగా తేల్చి ఫోన్ పెట్టేస్తే, లైను దొరికాక ఆపరేటరే తిరిగి మోగించేవారు. ఈలోగా ఇంట్లో పనులు ఇంట్లో సాగేవి. ఇవాళ వేలాది ఫోన్లకు ఒకేసారి జవాబిచ్చే సర్వర్లు చాలావరకు ఈ పద్ధతి మీదే నడుస్తున్నాయి. కంప్యూటర్లకు ఇది అబ్బడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1983లో విడుదల చేసిన 4.2బీఎస్‌డీ యూనిక్స్‌తో సాకెట్ ప్రోగ్రామర్ల చేతికొచ్చింది. నెట్‌వర్క్‌కు అవతల ఉన్న యంత్రంతో ప్రోగ్రాం మాట్లాడే ద్వారం అది. డేటా ఇమ్మని అడిగితే, అది వచ్చేదాకా ప్రోగ్రాం అక్కడే నిలబడిపోయేది. ఒక్కరితో మాటలైతే ఇబ్బంది లేదు. వెయ్యి మంది వస్తే విడివిడిగా నడిచే వెయ్యి పని ధారలు, అంటే వెయ్యి థ్రెడ్లు కావాలి. ఒక్కోదానికీ మెమరీ ఇవ్వాలి, ఒకదాని నుంచి మరోదానికి మారుతూ ప్రాసెసర్ అలసిపోవాలి. చూస్తే వాటిలో ఎక్కువ భాగం చేసే పని ఎదురుచూపే!

అదే విడుదలలో ‘సెలెక్ట్’ అనే ఏర్పాటూ ఉంది. ఏ సాకెట్లలో కబురుందో అది చెబుతుంది. కానీ ప్రతిసారీ జాబితా అంతా అప్పగించాలి, ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయైన కెర్నెల్ దాన్నంతా వెతకాలి. పైగా లినక్స్‌లో దాని పరిమితి 1024 సాకెట్లు. ఒక వెబ్ సర్వర్ ఒకేసారి పది వేల మందిని ఎందుకు చూసుకోలేదని 1999లో డాన్ కెగెల్ నిలదీశాడు. మరుసటి ఏడాదే ఫ్రీబీఎస్‌డీలో జొనాథన్ లెమన్ ‘కేక్యూ’ను, 2002లో లినక్స్‌లో దావిదే లిబెంజీ ‘ఈపోల్’ను తెచ్చారు. సాకెట్‌ను ఒకసారి నమోదు చేస్తే చాలు, కబురున్నవాటి పేర్లే తిరిగి వస్తాయి. ఈ బలంతోనే 2004లో ఇగోర్ సిసోయెవ్ ఎన్‌జిన్‌ఎక్స్ సర్వర్‌ను, 2009లో రయన్ డాల్ నోడ్‌ను జనం ముందు పెట్టారు.

నోడ్ దీన్ని మామూలు ప్రోగ్రామర్లకూ అలవాటు చేసింది. ‘డేటా వస్తే ఈ ఫంక్షన్‌ను పిలువు’ అని చెప్పి ప్రోగ్రాం తన దారిన పోతుంది. ఆ ఫంక్షనే కాల్‌బ్యాక్. ఒకే థ్రెడ్ లూప్‌లో తిరుగుతూ, కబురొచ్చినప్పుడల్లా తగిన కాల్‌బ్యాక్‌ను పిలుస్తుంది. ఒక్క కాల్‌బ్యాక్ పని సాగదీస్తే మిగతా కనెక్షన్లన్నీ ఆగిపోతాయి.

ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలోనో, విజయనగరం ఎంవీజీఆర్ కాలేజీలోనో దీన్ని నేర్చుకునే విద్యార్థి తెలుగు సందేశంతో పరీక్షించి చూస్తే అసలు కిటుకు బయటపడుతుంది. సాకెట్ల మధ్య డేటాను చేరవేసే టీసీపీ పంపేది బైట్ల ధార మాత్రమే. సందేశం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో దానికి పట్టదు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. ‘శ్రీ’ ఒక్కదానికే నాలుగు గుర్తులు, అంటే 12 బైట్లు. ‘శ్రీకాకుళం’ మొత్తం 30. ఖాళీలు లేని తెలుగు పాఠాన్ని 1024 బైట్ల చొప్పున చదివితే 341 గుర్తులు పోను ఒక బైటు మిగిలిపోతుంది. కాల్‌బ్యాక్ ఆ ముక్కను దాచుకుని తరువాతి విడతకు కలపకపోతే తెరమీద అక్షరం బదులు ప్రశ్నార్థకపు డబ్బా కనిపిస్తుంది. ఇంగ్లిష్ అక్షరానికి ఒకే బైటు కాబట్టి ఇంగ్లిష్‌లో పరీక్షించినవారికి ఈ లోపం ఎన్నటికీ దొరకదు. మన భాషలో పరీక్షించడం మర్యాద కోసం కాదు, ప్రోగ్రాం సరిగా పనిచేయడం కోసమే.

కాల్‌బ్యాక్‌లో కాల్‌బ్యాక్ పెడుతూ పోతే కోడ్ చదవలేనంత చిక్కుపడుతుంది. 2012లో సీ షార్ప్ భాష ఐదో వెర్షన్‌తో వచ్చిన ఎసింక్-అవెయిట్ అనే రాత పద్ధతి ఆ చిక్కు చాలావరకు విప్పింది.

అంతకన్నా గట్టి సమస్య మౌనం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, కరెంటు స్తంభాలు ఒరిగాయి, ఫోన్లు మూగబోయాయి. భావనపాడు, కళింగపట్నం, చింతపల్లి తీరాల్లోని ఫోన్లకు వాతావరణ సమాచారం పంపే సర్వర్ ఒకటి ఉందనుకుందాం. మామూలుగా ఫోన్ కనెక్షన్ ముగిస్తే ముగింపు ప్యాకెట్ వస్తుంది, దాంతో కాల్‌బ్యాక్ మోగుతుంది. టవరే ఆగిపోతే ఏ ప్యాకెట్టూ రాదు. సర్వర్ లెక్కలో ఆ ఫోన్ ఇంకా లైనులోనే ఉంటుంది. అవతలివారు ఉన్నారో లేదో పలకరించి చూసే టీసీపీ కీప్‌ఎలైవ్‌ను లినక్స్‌లో ఆన్ చేసినా, దాని మామూలు అమరిక ప్రకారం రెండు గంటల మౌనం తరువాత గానీ మొదటి పలకరింపు వెళ్లదు. ఆపై 75 సెకన్ల చొప్పున తొమ్మిది ప్రయత్నాలు. తుఫాను వేళ అంత ఓపిక పనికిరాదు.

అందుకే ప్రతి కనెక్షన్‌కూ ఒక టైమర్ కట్టి, గడువు దాటితే సాకెట్‌ను మూసేస్తారు. అక్కడా ఒక ప్రమాదముంది. మూసిన సాకెట్‌ను గుర్తించే నంబరును యూనిక్స్ వెంటనే ఇంకో కొత్త కనెక్షన్‌కు ఇచ్చేయవచ్చు. పాత సాకెట్ కోసం అప్పటికే వరుసలో ఉన్న కబురు ఆ కొత్త ఫోన్ ఖాతాలో పడవచ్చు. జాగ్రత్తగా రాసినవారు నంబరుతో పాటు ప్రతి కనెక్షన్‌కూ మళ్లీ వాడని వరుస సంఖ్య ఒకటి ఇస్తారు. కాల్‌బ్యాక్ ముందుగా ఆ సంఖ్యను సరిచూసుకుని, కలవకపోతే కబురును వదిలేస్తుంది.