నిల్వ ట్యాంకు: పైనున్న ఖాళీతోనే పేచీ

పరిశ్రమల్లో నూనెలు, రసాయనాలు దాచే పెద్ద ట్యాంకులు చాలావరకు నిలువుగా, గుండ్రంగా ఉండే ఉక్కు కట్టడాలే. చదునైన గోడ ద్రవం ఒత్తిడికి ఉబ్బిపోతుంది. గుండ్రటి గోడ ఆ ఒత్తిడిని చుట్టూ పంచుకుంటుంది. 10 మీటర్ల ఎత్తున నీళ్లు నిలిపితే అడుగున ప్రతి చదరపు మీటరు మీదా 10 టన్నుల బరువు పడుతుంది. పైకి వెళ్లేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి కింది వరుసలో మందమైన ప్లేట్లు, పై వరుసల్లో పలుచనివి పెట్టి వెల్డింగ్ చేస్తారు.

ట్యాంకు దేనితో కట్టాలో అందులో పోసే సరుకే చెబుతుంది. కడప జిల్లా పులివెందుల దగ్గర తుమ్మలపల్లెలో యురేనియం కార్పొరేషన్ కర్మాగారం 2012లో మొదలైంది. అక్కడి ఖనిజం సున్నపురాయి జాతి రాతిలో ఉంది. జార్ఖండ్‌లోని జాదూగుడలో వాడినట్టు గంధకామ్లం వాడితే అదంతా రాయితోనే చర్య జరిపి ఖర్చయిపోతుంది. అందుకే ఇక్కడ సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ద్రావణంతో యురేనియాన్ని కరిగిస్తారు. నీళ్లు కలిసిన గంధకామ్లం మామూలు ఉక్కును తినేస్తుంది, దానికి లోపల రబ్బరు పూత వెయ్యాలి. ఈ క్షార ద్రావణాలతో ఉక్కుకు అంత బాధ లేదు.

అసలు పేచీ ద్రవం మీద మిగిలే ఖాళీ చోటుతో. కడప జిల్లా ఎండలకు ట్యాంకు వేడెక్కితే ఆ ఖాళీలోని గాలి, ఆవిరి వ్యాకోచించి బయటికి తోసుకొస్తాయి; రాత్రి చల్లబడితే బయటి గాలి లోపలికి వస్తుంది. ఈ రాకపోకలకే కప్పు మీద వాల్వు ఉంటుంది. అది మూసుకుపోయి ఉండగా పంపుతో ద్రవం తోడేస్తే లోపల శూన్యం ఏర్పడి, అంత పెద్ద ట్యాంకూ రేకు డబ్బాలా నొక్కుకుపోతుంది. పెట్రోలు ట్యాంకుల్లో చాలాచోట్ల కప్పునే ద్రవం మీద తేలేలా అమర్చి ఆ ఖాళీ లేకుండా చేస్తారు. వంటగ్యాసును ఒత్తిడితో ద్రవంగా ఉంచాలి గనుక దానికి గోళాలో, గుండ్రటి కొసలున్న బుల్లెట్లో వాడతారు. ట్యాంకు పగిలితే సరుకు ఊరి మీద పడకుండా చుట్టూ కట్ట కడతారు. ఆవిరిని మాత్రం ఏ కట్టా ఆపలేదు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఎల్జీ పాలిమర్స్‌లో జరిగింది అదే. స్టైరీన్ దానంతటదే గట్టిపడి పాలిమర్‌గా మారే ద్రవం. మారేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి మార్పు ఇంకా వేగం పుంజుకుంటుంది. దాన్ని చల్లగా ఉంచాలి, మార్పును అణిచే మందు కలపాలి, అడపాదడపా కలియతిప్పాలి. లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ మూతపడి ఉండగా స్టైరీన్ నిల్వ ఉన్న ఎం6 ట్యాంకులో ఇవి సరిగా సాగలేదు. ఉష్ణోగ్రత కొలిచే పరికరం ట్యాంకు అడుగున మాత్రమే ఉంది. పై పొరలు మరిగిపోతున్నా అది చూపలేదు. బయటపడిన ఆవిరి గాలి కన్నా బరువైనది కావడంతో నేలబారుగా పాకి పక్కనే ఉన్న వెంకటాపురం ఇళ్లను కమ్మేసింది. పన్నెండు మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు.

ప్రభుత్వం వేసిన ఉన్నత స్థాయి కమిటీ ఆ ఏడాది జూలైలో నివేదిక ఇచ్చింది. నిర్వహణ లోపాలను, భద్రతలో నిర్లక్ష్యాన్ని తప్పుపట్టి, ఫ్యాక్టరీని జనావాసాలకు దూరంగా తరలించాలని సూచించింది. ఎం6కు పైభాగాన ఇంకొక ఉష్ణోగ్రతా మాపకం ఉండి ఉంటే వేడి ముందే తెలిసేది.