గొట్టానికి అందని కొవ్వు

పొట్ట మీద చర్మాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి చూడండి. మడతగా చేతికొచ్చేది చర్మం కింది కొవ్వు. దానికి వెనక, కండరాల గోడ అవతల, పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు చేతికి చిక్కదు. లైపోసక్షన్ చేసే డాక్టరు గొట్టానికీ అందదు. ఈ ఆపరేషన్‌లో సెలైన్‌లో మత్తుమందు, రక్తస్రావాన్ని తగ్గించే అడ్రినలిన్ కలిపి చర్మం కిందికి ఎక్కిస్తారు. చిన్న గాటులోంచి సన్నటి గొట్టం దూర్చి, ముందుకూ వెనక్కూ ఆడిస్తూ కొవ్వును లాగేస్తారు. జాడీలోకి చేరేదంతా కొవ్వే అనుకోవద్దు, ఎక్కించిన ద్రవమూ కొంత రక్తమూ అందులో కలిసే ఉంటాయి. ఒకేసారి లాగేది 5 లీటర్లు చేరితే దాన్ని పెద్ద ఆపరేషన్‌గా లెక్కించి, రోగిని జాగ్రత్తగా కనిపెట్టుకోవాలి. లీటరు కొవ్వు 900 గ్రాములే తూగుతుంది. అంటే 90 కిలోల మనిషికి ఆ హద్దులోపల తగ్గేది మూడు నాలుగు కిలోలు. అందుకే దీన్ని బరువు తగ్గించే వైద్యమని చెప్పి అమ్మడం తప్పు. దీని పని ఒంటి ఆకారాన్ని దిద్దడం. ఆ దిద్దుబాటు బరువు తగ్గాక రావాలి, తగ్గడానికి బదులుగా కాదు.

2015 జూన్‌లో నటి ఆర్తీ అగర్వాల్ 31 ఏళ్లకే అమెరికాలో కన్నుమూశారు. కొన్ని వారాల ముందే ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారన్న వార్తతో ఈ మాట తెలుగు ఇళ్లల్లో అందరి నోటా నానింది. ఆ మరణానికి కారణం ఇదేనని తేల్చడం మన పని కాదు. భయం మాత్రం మిగిలిపోయింది, అవగాహన పెరగలేదు. జీర్ణాశయాన్ని కుదించి తిండినే తగ్గించే బేరియాట్రిక్ ఆపరేషన్‌నూ దీన్నీ ఒకటే అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు.

కొవ్వును లాగేస్తే ఆరోగ్యం బాగుపడుతుందా అన్న అసలు ప్రశ్నకు జవాబు 2004లోనే వచ్చింది. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో శామ్యూల్ క్లైన్ బృందం ఊబకాయమున్న 15 మంది మహిళలకు లైపోసక్షన్ చేయించి చూసింది. వారిలో ఏడుగురికి షుగర్ ఉంది. ఒక్కొక్కరి ఒంట్లోంచి సగటున 9, 10 కిలోల కొవ్వు తీసేశారు. పది, పన్నెండు వారాల తర్వాత చూస్తే బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, ఇన్సులిన్ పనితీరు, వీటిలో ఏదీ చెప్పుకోదగ్గంత మారలేదు. తిండి తగ్గించి అందులో సగం బరువు దించినా షుగరు అదుపులోకి రావడం డాక్టర్లు రోజూ చూసేదే. తేడా ఎక్కడుందంటే, తిండి తగ్గినప్పుడు ఒళ్లంతా కొవ్వు కణాలు చిక్కుతాయి, కాలేయంలోని కొవ్వూ కరుగుతుంది. గొట్టం కొన్ని కణాలను తీసేస్తుంది, మిగిలినవి ఎప్పటిలాగే ఉబ్బి ఉంటాయి.

పోయిన కొవ్వును ఒళ్లు మరిచిపోదు కూడా. బ్రెజిల్‌లోని సావో పాలోలో 36 మంది మహిళల మీద జరిగిన అధ్యయనం 2012లో వెలువడింది. పొట్ట కొవ్వు తీయించుకుని వ్యాయామం చేయనివారికి ఆరు నెలల్లో లోపలి కొవ్వు దాదాపు 10 శాతం పెరిగింది. వ్యాయామం చేసినవారికి పెరగలేదు. కనిపించే కొవ్వు పోయి, కనిపించని ప్రమాదకరమైన కొవ్వు పెరగడం కంటే నష్టబేరం ఏముంటుంది?

అద్దంలో మార్పు కనిపిస్తే ఉత్సాహం వస్తుంది కదా అంటారు. వస్తుంది, కాదనను. కానీ ఆ ఉత్సాహం రోజూ నడకగా మారకపోతే ఏమవుతుందో సావో పాలో చెప్పింది. ఏళ్లపాటు శ్రమించి బరువు తగ్గినా తొడల మీదో నడుము పక్కనో కరగని ముద్ద మిగిలినవారి మాట వేరు, వారికి ఇది నిజంగా పనికొస్తుంది. చర్మం బాగా వేలాడుతుంటే మాత్రం వేరే ఆపరేషన్ కావాలి. ఒళ్లు మాది, డబ్బు మాది అనేవారి మాటా న్యాయమే, లావుగా ఉన్నవారిని ఎగతాళి చేసే లోకంలో వారి ఆరాటాన్ని తప్పుపట్టలేం. అయితే కాలి సిరల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్లడం, కొవ్వు రక్తంలో కలవడం, పేగుకు చిల్లు పడటం వంటి ముప్పులు అరుదుగానైనా ఉన్నాయి. వాటిని ముందే విప్పి చెప్పకుండా తీసుకున్న సంతకానికి విలువ లేదు.

మన భారతీయుల్లో సన్నగా కనిపించేవారికీ లోపలి కొవ్వు ఎక్కువే. అందుకే ముందు టేపు తీసుకుని నడుము కొలుచుకోండి. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే తొలి అపాయింట్‌మెంట్ కాస్మెటిక్ సర్జన్‌ది కాదు, షుగరూ బీపీ చూసే ఫిజీషియన్‌ది తీసుకోండి.